మహమ్మారి కాలంలో నర్సులు, మిడ్‌వైఫ్‌లు: భావోద్వేగ ఒత్తిడి, వృత్తి సంతృప్తి

అంటువ్యాధి ప్రబలినప్పుడు రోగి పక్కన ఎక్కువసేపు గడిపేది నర్సు. కాన్పు గదిలో ఆ స్థానం మిడ్‌వైఫ్‌ది. జబ్బు అంటుకుంటుందన్న భయం, వరుస మరణాలు, సిబ్బంది కొరత, ఇంటికి దూరంగా గడపాల్సి రావడం వీరి మనసు మీద పెద్ద భారం మోపుతాయి. ఆ భారాన్నీ, దాని నడుమ తమ ఉద్యోగం పట్ల వీరికుండే తృప్తినీ నర్సింగ్ శాస్త్రం, మనోవిజ్ఞానం, ప్రజారోగ్య రంగం కలిసి అధ్యయనం చేస్తున్నాయి. 2003 నాటి సార్స్ తర్వాత మొదలైన ఈ పరిశోధన కోవిడ్-19 కాలంలో అనేక దేశాలకు విస్తరించింది. ఒత్తిడి, సంతృప్తి ఒకే త్రాసులోని రెండు సిబ్బెలు కావన్నది ఈ పరిశోధనలో తేలిన ముఖ్యాంశం. ఒకటి పెరిగినంత మాత్రాన రెండోది తగ్గాలని లేదు. రోగికి సేవ చేయడం తృప్తినిస్తుంటే, ఆ సేవను సరిగా చేయనివ్వని పరిస్థితులు కుంగదీస్తాయి.

భావనలు

ఉద్యోగం వల్ల కలిగే తీవ్రమైన అలసటను బర్నౌట్ పేరుతో 1974లో వైద్య సాహిత్యంలోకి తెచ్చినవాడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే అమెరికన్ మనోవిజ్ఞాన నిపుణుడు. దాన్ని కొలిచే ప్రశ్నావళిని క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో ప్రచురించారు. వారి లెక్కలో బర్నౌట్‌కు మూడు ముఖాలున్నాయి: మనసు పూర్తిగా అలసిపోవడం, రోగిని మనిషిగా కాక ఒక పడకగా చూసే నిర్లిప్తత, తన పని వల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదన్న నిరాశ. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పదకొండో వ్యాధి వర్గీకరణలో బర్నౌట్‌ను వ్యాధిగా కాక వృత్తి సంబంధమైన స్థితిగా చేర్చింది.

మరో మూడు భావనలు దీనికి తోడుగా వాడుకలో ఉన్నాయి. లోపల ఏమున్నా ముఖం మీద ప్రశాంతత కనబరచడం కూడా జీతం కోసం చేసే శ్రమేనని ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో వాదించింది. ఆమె గమనించింది ప్రధానంగా విమాన పరిచారికలనే అయినా, ఆ మాట నర్సులకు అచ్చంగా సరిపోయింది. సరైన పని ఏదో తెలిసీ సంస్థాగతమైన అడ్డంకుల వల్ల చేయలేకపోయినప్పుడు కలిగే వేదనను 1984లో ఆండ్రూ జేమ్‌టన్ నైతిక క్షోభగా నిర్వచించాడు. ఇతరుల బాధను నిత్యం చూసి చూసి కరుణ ఇంకిపోయే స్థితిని 1992లో కార్లా జాయిన్‌సన్ నర్సుల సందర్భంలో ప్రస్తావించింది.

వృత్తి సంతృప్తి విషయంలో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో చేసిన ప్రతిపాదన ఇప్పటికీ పనికొస్తోంది. పనిలోని అర్థం, గుర్తింపు, బాధ్యత తృప్తినిస్తాయి. జీతం, పని పరిస్థితులు, పై అధికారుల తీరు బాగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. ఈ రెండు జాబితాలూ వేర్వేరు. కాబట్టి ఒకే నర్సు తన పనిని ఎంతో ఇష్టపడుతూనే రాజీనామా పత్రం రాసుకోగలదు.

కోవిడ్‌కు ముందు

1918 నాటి ఇన్‌ఫ్లూయెంజాకు టీకా లేదు, ఆ తర్వాత వచ్చే న్యుమోనియాకు యాంటీబయాటిక్ లేదు. తడిగుడ్డ వేయడం, నీళ్లు పట్టడం, పక్క మార్చడం, ఊపిరి ఆడేలా పడుకోబెట్టడం తప్ప మరో దారి లేకపోవడంతో నర్సింగే ప్రధాన చికిత్స అయింది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల అప్పటికే ఎందరో నర్సులు సైనిక ఆసుపత్రులకు వెళ్లిపోయి ఉండటంతో అమెరికాలో డాక్టర్ల కన్నా నర్సుల కోసమే ఎక్కువ వెతుకులాట జరిగింది.

2002-03లో సార్స్ ప్రపంచమంతటా 8,096 మందికి సోకింది. వారిలో ఐదో వంతు వైద్య సిబ్బందే. కెనడాలో ఆ వాటా 43 శాతానికి చేరింది. టొరంటోలోని నార్త్ యార్క్ జనరల్ ఆసుపత్రిలో వ్యాధి మళ్లీ కనిపిస్తోందని నర్సులు ముందే హెచ్చరించినా పై వారు పట్టించుకోలేదు. అదే రెండో విడతకు దారితీసింది. విచారణ జరిపిన జస్టిస్ ఆర్చీ క్యాంప్‌బెల్ కమిషన్, శాస్త్రీయంగా పూర్తి రుజువు దొరికేదాకా సిబ్బంది రక్షణను వాయిదా వేయరాదని తేల్చిచెప్పింది. ఏడాది రెండేళ్ల తర్వాత కూడా సార్స్ రోగులను చూసిన సిబ్బందిలో బర్నౌట్ ఎక్కువగా ఉన్నట్టు టొరంటో పరిశోధకులు గుర్తించారు.

2014లో పశ్చిమ ఆఫ్రికాలో వచ్చిన ఎబోలా లైబీరియాలోని డాక్టర్లు, నర్సులు, మిడ్‌వైఫ్‌లలో సుమారు 8 శాతం మందిని, సియర్రా లియోన్‌లో సుమారు 7 శాతం మందిని బలి తీసుకుంది. రక్తంతో, శరీర ద్రవాలతో నేరుగా సంబంధం ఉండే కాన్పు గది అక్కడ అత్యంత ప్రమాదకరమైన చోటుగా మారింది. మన దేశంలో 2018 మే నెలలో కేరళలోని కోళికోడ్ జిల్లా పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో నిపా వైరస్ సోకిన రోగికి సేవలందించిన నర్సు లినీ పుతుస్సేరి అదే వ్యాధితో మరణించింది. జబ్బు ఏమిటో తేలకముందే రోగి దగ్గర ఉండాల్సింది నర్సేనని దేశమంతటికీ తెలిసివచ్చిన సందర్భం అది.

కోవిడ్ వార్డులో ఒత్తిడికి మూలాలు

ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టి రెండు వందల ఏళ్లు నిండిన సందర్భంగా 2020ని నర్సుల, మిడ్‌వైఫ్‌ల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అదే ఏడాది మార్చి 11న కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొంది. ఏప్రిల్‌లో వెలువడిన నివేదిక ప్రకారం అప్పటికి ప్రపంచంలో 2.79 కోట్ల మంది నర్సింగ్ సిబ్బంది ఉన్నారు, వారిలో దాదాపు 90 శాతం మహిళలు. ఇంకా 59 లక్షల మంది కావాలి. అంటే మహమ్మారి వచ్చేనాటికే కొరత ఉంది.

రోజువారీ శ్రమ వ్యక్తిగత రక్షణ దుస్తుల (పీపీఈ) కిట్‌తో మొదలయ్యేది. ఒకసారి తొడుక్కున్నాక డ్యూటీ ముగిసేదాకా మంచినీళ్లు తాగడానికి, బాత్రూమ్‌కు వెళ్లడానికి వీలుండేది కాదు. అందుకే చాలామంది డ్యూటీకి ముందు నీళ్లు తాగడమే మానేశారు. నెలసరి రోజుల్లో ఈ కష్టం రెట్టింపు. వేసవి ఉక్కపోతలో కళ్లద్దాలు మసకబారేవి. ఎన్‌95 మాస్కు తాడు చెవుల వెనక, అంచు ముక్కు మీద గాట్లు పెట్టేది. ఎవరు ఎవరో తెలియక గౌను మీద మార్కర్‌తో పేరు రాసుకునేవారు. కిట్ తొడుక్కోవడం కన్నా విప్పడంలోనే ప్రమాదం ఎక్కువ. చేతి తొడుగులు, గౌను, కళ్లద్దాలు, చివరగా మాస్కు వరుసగా తీయాలి, మధ్యమధ్య చేతులు శుద్ధి చేసుకోవాలి. డ్యూటీ ముగిసి ఒళ్లు బాగా అలసిన వేళ ఎప్పటికన్నా ఎక్కువ అప్రమత్తంగా ఉండాల్సి రావడం ఈ పనిలోని ప్రత్యేకమైన బాధ.

వెంటిలేటర్ మీదున్న రోగిని బోర్లా తిప్పాలంటే గొట్టాలు ఊడకుండా నలుగురైదుగురు కలిసి పట్టుకోవాలి. బంధువులను లోపలికి రానివ్వలేదు కాబట్టి ఇంటివాళ్ల బాధ్యత కూడా నర్సు మీదే పడింది. కొడుకుతో, భార్యతో చివరి వీడియో కాల్ కోసం ఫోన్ పట్టుకుని నిలబడిందీ, ఆ తర్వాత మృతదేహాన్ని సంచిలో సర్దిందీ ఆమే. పడకలు, ఆక్సిజన్, మనుషులు సరిపోనప్పుడు ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో తేల్చుకోవాల్సిన క్షణాలు నైతిక క్షోభకు కారణమయ్యాయి. ఐసీయూ అనుభవం లేని వారిని హడావుడి శిక్షణతో అక్కడ వేయడం వల్ల, తప్పు జరుగుతుందేమోనన్న బెంగ కొత్తవారినీ, వారికి నేర్పుతూనే తమ రోగులను చూసుకోవాల్సిన పాతవారినీ వేధించింది.

డ్యూటీ బయట కూడా ఊరట లేదు. పసిపిల్లలున్న తల్లులు వారాల తరబడి హాస్టళ్లలో, హోటల్ గదుల్లో గడిపారు. అద్దె ఇల్లు ఖాళీ చేయమన్న యజమానులు, దూరంగా జరిగిన ఇరుగుపొరుగు చాలా చోట్ల కనిపించారు. 2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచవ్యాప్తంగా 80 వేల నుంచి 1.8 లక్షల మంది వైద్య, సంరక్షణ సిబ్బంది కోవిడ్‌తో మరణించి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మిడ్‌వైఫ్‌ల ప్రత్యేక పరిస్థితి

శస్త్రచికిత్సలు వాయిదా వేయవచ్చు గాని కాన్పులు ఆగవు. అందుకే మిడ్‌వైఫ్‌ల పని తగ్గలేదు, దాని తీరు మారింది. పురిటి నొప్పులు పడుతున్న స్త్రీకి ధైర్యం చెప్పే ముఖం మాస్కు వెనక దాగింది. నడుం నిమిరే చెయ్యి తొడుగులోకి పోయింది. గంటల తరబడి గట్టిగా ఊపిరి పీల్చి వదిలే తల్లికి అడుగు దూరంలో నిలబడాల్సిన పని కాబట్టి సోకే భయం ఎప్పుడూ ఉండేది.

కోవిడ్ సోకినా సోకకపోయినా ప్రసవ వేళ తనకిష్టమైన తోడును ఉంచుకునే హక్కు స్త్రీకి ఉందని, బిడ్డకు చనుబాలు ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి నుంచీ చెప్పింది. ఆచరణలో చాలా ఆసుపత్రులు భర్తను, తల్లిని కూడా గేటు దగ్గరే ఆపేశాయి. 2020 మార్చిలో న్యూయార్క్‌లో రెండు ప్రైవేటు ఆసుపత్రుల వ్యవస్థలు తోడును పూర్తిగా నిషేధించగా, రోజుల వ్యవధిలో రాష్ట్ర ప్రభుత్వం జోక్యం చేసుకుని ఆ నిర్ణయాన్ని రద్దు చేయించింది. తాము నమ్మని నిబంధనను తల్లుల మీద అమలు చేయాల్సి రావడం మిడ్‌వైఫ్‌లకు పనిభారం కన్నా ఎక్కువ బాధ కలిగించింది. 2021లో బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మిడ్‌వైవ్స్ సర్వేలో సగానికి పైగా మిడ్‌వైఫ్‌లు ఉద్యోగం వదిలేసే ఆలోచనలో ఉన్నామన్నారు. ఆ నవంబర్‌లో అక్కడి పలు పట్టణాల్లో మిడ్‌వైఫ్‌లు, తల్లులు కలిసి ప్రదర్శనలు చేశారు. అదే ఏడాది వెలువడిన అంతర్జాతీయ నివేదిక ప్రపంచంలో 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌ల కొరత ఉందని లెక్కగట్టింది.

అధ్యయనాల్లో తేలినవి

తొలి ముఖ్యమైన సర్వే చైనాలో జరిగింది. 2020 జనవరి 29 నుంచి ఫిబ్రవరి 3 వరకు 34 ఆసుపత్రుల్లోని 1,257 మంది సిబ్బందిని అడిగితే 50.4 శాతం మందిలో కుంగుబాటు, 44.6 శాతంలో ఆందోళన, 34 శాతంలో నిద్రలేమి లక్షణాలు కనిపించాయి. నర్సుల్లో, మహిళల్లో, వూహాన్‌లో పనిచేసేవారిలో, కోవిడ్ రోగులను నేరుగా చూసేవారిలో తీవ్రత మరింత ఎక్కువ.

వివిధ దేశాల 16 అధ్యయనాలను, 18,935 మంది నర్సుల సమాధానాలను కలిపి 2021లో గ్రీకు పరిశోధకులు చేసిన విశ్లేషణలో 34.1 శాతం మంది తీవ్రమైన భావోద్వేగ అలసటలో ఉన్నట్టు తేలింది. నిర్లిప్తత 12.6 శాతం మందిలోనే, తమ పనికి విలువ లేదన్న భావన 15.2 శాతం మందిలోనే ఎక్కువగా ఉన్నాయి. మూడింట ఒకరు అలసిపోయినా, రోగి పట్ల మనసు మొద్దుబారినవారు, తమ పని వృథా అనుకున్నవారు అందులో సగం కూడా లేరు. అలసటకూ, వృత్తి మీది నమ్మకానికీ మధ్య ఉన్న ఈ తేడాయే సంతృప్తి గురించిన చర్చకు ఆధారం.

వృత్తి సంతృప్తి: ఏది నిలిచింది, ఏది కూలింది

మహమ్మారి వేళ తమ పనికి అర్థం పెరిగిందని, తోటివారితో బంధం గట్టిపడిందని నర్సులు చాలా అధ్యయనాల్లో చెప్పారు. కరుణ వల్ల కలిగే అలసటతో పాటు కరుణ వల్ల కలిగే తృప్తిని కూడా విడిగా కొలిచే ప్రశ్నావళి ఒకటి వాడుకలో ఉంది. ఒకే వ్యక్తికి రెండింటిలోనూ ఎక్కువ మార్కులు రావచ్చు. రోగి కోలుకుని చక్రాల కుర్చీలో ఇంటికి బయలుదేరినప్పుడు వార్డంతా చప్పట్లు కొట్టడం ఆ తృప్తికి బహిరంగ రూపం.

అసంతృప్తి మూలాలు వేరే చోట ఉన్నాయి. సరిపడా రక్షణ సామగ్రి అందిందా, ఒక్కొక్కరికి ఎంతమంది రోగులు, హెడ్ నర్సు మాట పై వారు విన్నారా, డ్యూటీ చార్టు ముందే తెలిసిందా, జీతం సమయానికి పడిందా అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులే దాన్ని నిర్ణయించాయి. ఇది కోవిడ్ తెచ్చిన కొత్త సంగతి కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులను పరిశీలించి లిండా ఏకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సుకు ఒక్క రోగి అదనంగా పెరిగితే శస్త్రచికిత్స రోగులు మరణించే అవకాశం 7 శాతం, నర్సు బర్నౌట్‌కు లోనయ్యే అవకాశం 23 శాతం, వృత్తి అసంతృప్తికి అవకాశం 15 శాతం పెరిగాయి. నర్సు మానసిక స్థితీ, రోగి ప్రాణమూ ఒకే లెక్క మీద ఆధారపడి ఉన్నాయని ఈ ఫలితం చూపింది.

బహిరంగ ప్రశంస పని పరిస్థితుల్లోని ఈ లోటును పూడ్చలేకపోయింది. బ్రిటన్‌లో 2020 మార్చి 26న ఇళ్ల ముందు నిలబడి జనం చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం ఒక శాతం జీతం పెంపు ప్రతిపాదించింది. విమర్శలు వెల్లువెత్తాక 3 శాతం చేసింది. 2022 డిసెంబర్‌లో అక్కడి నర్సుల సంఘమైన రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ తన చరిత్రలోనే అతిపెద్ద సమ్మెకు దిగింది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

మన దేశంలో జీఎన్‌ఎం డిప్లొమా, బీఎస్సీ నర్సింగ్ చదివినవారు నర్సుగా, మిడ్‌వైఫ్‌గా కలిపే నమోదవుతారు. గ్రామాల్లో ఆ బాధ్యత సహాయక నర్సు-మిడ్‌వైఫ్‌లైన ఏఎన్‌ఎంలది. అందువల్ల ఒకే వ్యక్తి కోవిడ్ వార్డుకూ, కాన్పు గదికీ, టీకా కేంద్రానికీ మారుతూ పనిచేయాల్సి వచ్చింది. ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణలో తెలంగాణ ముందుంది. రాష్ట్ర ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ కలిసి 2017లో కరీంనగర్‌లో శిక్షణ ప్రారంభించాయి. 2018లో కేంద్రం దేశవ్యాప్త మార్గదర్శకాలు తెచ్చింది.

2020 మార్చి 30 నుంచి వైద్య సిబ్బందికి కేంద్రం 50 లక్షల రూపాయల బీమా కల్పించింది. దాడులు పెరగడంతో ఏప్రిల్ 22న అంటువ్యాధుల చట్టాన్ని ఆర్డినెన్సు ద్వారా సవరించి, సిబ్బందిపై హింసను బెయిలు లేని నేరంగా మార్చి, తీవ్ర గాయాలైతే ఏడేళ్ల వరకు జైలుశిక్ష విధించే వీలు కల్పించింది. అయినా వ్యవస్థ వైఫల్యానికి ఎదురుగా కనిపించే మనిషి నర్సే. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ పీడనం పడిపోయి 11 మంది చనిపోయినప్పుడు బంధువుల ఆగ్రహం ఐసీయూలో ఉన్న సిబ్బంది మీదికే మళ్లింది.

అసంతృప్తికి ఇక్కడ ప్రధాన కారణం ఉద్యోగ భద్రత. ఒకే వార్డులో ఒకే పని చేసే రెగ్యులర్, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ నర్సుల జీతాలు వేర్వేరు. తెలంగాణలో అప్పటి ప్రధాన కోవిడ్ ఆసుపత్రి అయిన సికింద్రాబాద్ గాంధీలో 2020 జూలైలో అవుట్‌సోర్సింగ్ నర్సులు జీతాల పెంపు కోరుతూ విధులు బహిష్కరించారు. కోవిడ్ కోసం తీసుకున్నవారిని మరుసటి జూలైలో తొలగించడంతో హైదరాబాద్‌లో ఆందోళనలు జరిగాయి. ప్రైవేటు రంగంలో పరిస్థితి మరీ బలహీనం. చిన్న ఆసుపత్రుల్లో కూడా నర్సుకు నెలకు 20 వేల రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ 2016లోనే సిఫార్సు చేసింది. అమలు మాత్రం రాష్ట్రాల ఇష్టానికి మిగిలింది. 2020 మే నెలలో కోల్‌కతా ప్రైవేటు ఆసుపత్రుల నుంచి 300 మందికి పైగా నర్సులు ఉద్యోగాలు వదిలి మణిపూర్ వంటి సొంత రాష్ట్రాలకు వెళ్లిపోవడం ఆ బలహీనతను బయటపెట్టింది.

టీకా కార్యక్రమం కొంతమేర భిన్నమైన అనుభవం. 2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. ఊరూరా ఆ సూది వేసింది చాలావరకు ఏఎన్‌ఎంలే. పనిభారం తక్కువేమీ కాదు. అయితే ఏడాదిపాటు మరణాలను చూసినవారికి, చేసిన పనికి ఫలితం కళ్లెదుట కనిపించింది.

ఉపశమన చర్యలు

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2020 మార్చిలోనే మానసిక సహాయ ఫోన్ సేవ ప్రారంభించింది. 2022 అక్టోబర్ 10 నుంచి టెలీ మానస్ అనే మానసిక సహాయ ఫోన్ సేవ 14416 నంబరుతో దేశమంతటా అందుబాటులోకి వచ్చింది. సిబ్బంది ఒకచోట కూర్చుని కష్టమైన అనుభవాలను పంచుకునే ష్వార్ట్జ్ రౌండ్లు 1990లలో బోస్టన్‌లో పుట్టి బ్రిటన్‌లోనూ వ్యాపించాయి. ధ్యానం, యోగా, కౌన్సెలింగ్ చాలా ఆసుపత్రులు ప్రయత్నించాయి. అయితే ఇలాంటి చర్యల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను 2020 నవంబర్‌లో సమీక్షించిన కాక్రేన్ సంస్థకు వాటి ఫలితాన్ని నిర్ధారించే బలమైన ఆధారాలు దొరకలేదు. పన్నెండు గంటల డ్యూటీ తర్వాత ధ్యానం తరగతికి రమ్మనడం నర్సులకు మరో డ్యూటీగానే కనిపించిన సందర్భాలున్నాయి.

సంస్థాగత మార్పులు ఇంతకన్నా మేలు చేస్తాయని పాత పరిశోధనలు సూచిస్తున్నాయి. ఐసీయూలో ఒక నర్సుకు ఇద్దరికి మించి రోగులు ఉండరాదన్న కాలిఫోర్నియా చట్టం 2004 నుంచి అమలులో ఉంది. కిట్‌లో గడిపే గంటలు తగ్గించడం, మధ్యలో విశ్రాంతి గది, రాత్రి డ్యూటీ తర్వాత తప్పనిసరి సెలవు, కొత్తవారికి అనుభవజ్ఞుల తోడు, నిర్ణయాల్లో నర్సింగ్ సూపరింటెండెంట్‌కు చోటు వంటివి అంత ఖర్చుతో కూడుకున్నవి కావు.

పరిమితులు, తదనంతర పరిణామాలు

ఈ రంగంలోని అధ్యయనాల్లో ఎక్కువభాగం ఒకే సమయంలో, ఆన్‌లైన్‌లో, ఇష్టపడి జవాబిచ్చినవారి మీద ఆధారపడినవి. ఒత్తిడి వల్ల అసంతృప్తి పుట్టిందా, అసంతృప్తి వల్ల ఒత్తిడి పెరిగిందా అన్నది వాటితో తేలదు. ప్రశ్నావళిలో వచ్చిన మార్కు రోగ నిర్ధారణ కాదు. మిడ్‌వైఫ్‌లను నర్సులతో కలిపి లెక్కించడం వల్ల వారి ప్రత్యేక అనుభవం చాలాచోట్ల మరుగునపడింది.

మహమ్మారి తర్వాత విదేశాలకు నర్సుల వలస పెరిగింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్ వంటి దేశాలకు నర్సులను పంపుతోంది. దేశంలో 1947 నాటి చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 మే 12న విడుదల చేసిన నివేదిక ప్రకారం నర్సుల సంఖ్య 2.98 కోట్లకు పెరిగినా ఇంకా 58 లక్షల కొరత ఉంది. వివరాలిచ్చిన దేశాల్లో నర్సుల మానసిక ఆరోగ్యానికి ఏర్పాట్లున్నవి 42 శాతం మాత్రమే.